దారి తప్పనివ్వండి

తెర నిండా చీకటి. ఆ చీకటి మీద నాలుగైదు తెల్లగీతలు. వాటినే గోడలనుకోవాలి, గీత తెగినచోట పక్కకు సందు ఉందనుకోవాలి. 1981లో ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ అనే ఇద్దరు కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థులు యాపిల్ టూ కంప్యూటర్ కోసం తయారుచేసిన 'విజార్డ్రీ' ఆటలో కంటికి కనిపించేది ఇంతే. ఆరుగురు సాహసికుల జట్టు కట్టుకుని పది అంతస్తుల నేలమాళిగలోకి దిగాలి. అట్టడుగున దాక్కున్న వెర్డ్నా అనే మాంత్రికుడి దగ్గరి తాయెత్తు తెచ్చి ట్రెబర్ అనే పిచ్చిరాజుకు అప్పగించాలి. (ఆండ్రూ, రాబర్ట్ పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో వెనకనుంచి రాస్తే ఆ మాంత్రికుడూ ఆ రాజూ అవుతారు. విద్యార్థుల చిలిపితనం!) ఒక్కో అంతస్తు నిలువున 20 గడులు, అడ్డంగా 20 గడులు. పటం మాత్రం ఆట ఇవ్వదు. ఆడేవారే పక్కన గ్రాఫ్ కాగితం పెట్టుకుని, ఒక్కో అడుగుకు ఒక్కో గడి గీసుకుంటూ పోవాలి. నలభై ఏళ్లు దాటినా ఆ ఆటలో పాతబడనిది ఆ కాగితమే. మన కథలతో, మన అడవులతో కంప్యూటర్ ఆటలు చేయాలని ఇప్పుడు తెలుగునాట ముచ్చటపడుతున్నవారు ఆ పాత ఆట నుంచి తీసుకోవలసింది ఒక్కటే: ఆడేవారిని దారి తప్పనివ్వడం. ఆ పనికి ములుగు జిల్లా ఏటూరునాగారం అడవి కంటే మంచి బడి దొరకదన్నది ఈ వ్యాసం వాదన.

దారి తప్పించడంలో ఆ పాత ఆట ఎంత గడుసుదో కాస్త దగ్గర్నుంచి చూడాలి. మెట్లు దిగిన గడిని సున్నా అనుకుంటారు. ఉత్తరానికి మూడడుగులు వేస్తే కాగితం మీద మూడు గడులు. తూర్పున తలుపు కనబడితే చిన్న అడ్డగీత. ఇలా పావుగంట సాగాక, కొత్తగా గీస్తున్న గది ఇందాక గీసిన నడవా మీదికి ఎక్కి కూర్చుంటుంది. ఒకే గడిలో గోడా ఉండాలి, ఖాళీ జాగా కూడా ఉండాలి. అది కుదరదు కదా! అడుగుల లెక్క తప్పామా? తిరగలి రాయిలా తిరిగే నేల ఒకటి చప్పుడు చేయకుండా మన ముఖాన్ని పడమటికి తిప్పేసిందా? కాలు పెట్టగానే ఏదో గడి మనల్ని ఎత్తి ఇంకో మూలన పడేసిందా? విజార్డ్రీలో ఈ మాయలన్నీ ఉండేవి. దీపమంత్రం కూడా వెలగని చీకటి జాగాలుండేవి, తూర్పు అంచు దాటితే పడమటి అంచున తేల్చే అంతస్తులుండేవి. అనుమానం తీర్చుకోవడానికి 'డ్యూమాపిక్' అని ఒక మంత్రం ఉంది. మెట్ల నుంచి ఎన్ని గడులు తూర్పుకు, ఎన్ని గడులు ఉత్తరానికి వచ్చామో అది చెబుతుంది. చిక్కల్లా ఎక్కడంటే, శత్రువుల్ని నిద్రపుచ్చే మంత్రానికి ఖర్చయ్యే శక్తే దీనికీ ఖర్చవుతుంది. ఎక్కడున్నామో తెలుసుకుంటే, ఎదురుపడ్డవాణ్ని నిద్రపుచ్చే అవకాశం ఒకటి తగ్గుతుంది. అందుకే జనం మంత్రాన్ని దాచుకుని రబ్బరు అరగదీసేవారు. 1987లో వచ్చిన 'డన్జన్ మాస్టర్' ఆటలో దీనికి ఆకలి, దాహం, కొండెక్కే కాగడాలు తోడయ్యాయి. అందులో చేతిలోని పనికిరాని వస్తువును మలుపులో వదిలి గుర్తు పెట్టుకోవచ్చు. పోగొట్టుకున్నది వస్తువు, మిగిలింది దారి.

ఈ రుచి తెలుగువారికి పరాయిది కాదు. పద్మవ్యూహంలోకి చొరబడటం తెలిసి బయటపడటం తెలియని అభిమన్యుడి కథ విని పెరిగినవాళ్లం. నేలమాళిగ ఆటల సూత్రం కూడా అదే. లోపలికి ఎంత దూరం పోగలమన్నది ఎవరూ అడగరు, తిరిగి రావడానికి మందూ మంత్రమూ మిగిలాయా అనేదే ప్రశ్న. 1951 నాటి 'పాతాళభైరవి'లో తోటరాముడు గుహలోకి దిగినప్పుడు హాల్లో జనం ఊపిరి బిగబట్టింది కూడా ముందు ఏముందో తెలియకే. ఇక 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ధారావాహికల్లో కొన్నిటి పేర్లు చూడండి: రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, మాయాసరోవరం. ఒక్కటీ మనిషి పేరు కాదు, అన్నీ చోటుల పేర్లే. నాయకుడెవరో మరిచిపోయిన పాఠకులకు కూడా ఆ లోయ, ఆ దుర్గం గుర్తుంటాయి. నెలకో భాగం వచ్చేది. మిగతా ముప్పై రోజులూ పిల్లలు ఆ చోటును తమ బుర్రలో తామే కట్టుకునేవారు. మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీమజిలీ కథలు' పన్నెండు భాగాలనూ మణిసిద్ధుడు, గోపడు అనే ఇద్దరి నడక మీదే నడిపించారు. మజిలీలో దిగడం, చుట్టూ తిరిగి ఒక వింత చూసి రావడం, అదేమిటని అడగడం. చూసొచ్చినవాడికే కథ వినే అర్హత. తెలుగులో సాహసకథ అంటే వెతుకుడు కథే. నేలమాళిగ, బిలం, సొరంగం, పాతాళం అని ఇన్ని మాటలున్న భాషలో పేరున్న ఇలాంటి ఆట ఇంకా ఒక్కటీ రాకపోవడమే వింత.

రాకపోవడానికి ప్రోత్సాహం లేదనడానికి లేదు. యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం తెలంగాణ ప్రభుత్వం 2016లోనే 'ఇమేజ్' పేరుతో ఒక విధానం ప్రకటించింది. హైదరాబాదులో ప్రపంచ స్థాయి ఆటలకు బొమ్మలు గీసే, కోడ్ రాసే పనివాళ్లు చాలామంది ఉన్నారు. లోపం చూపులో ఉంది. మన కథతో ఆట అనగానే అందరి దృష్టీ బొమ్మల మీదికి, గుడి గోపురాల మీదికి, నగల చెక్కడం మీదికి పోతుంది. 2020లో పుణె సంస్థ చేసిన 'రాజీ' అందుకు మంచి ఉదాహరణ. భారతీయ పురాణాల్ని అంత అందంగా చూపిన ఆట అంతకు ముందు లేదు. కానీ అందులో దారి ఒక్కటే. నడుస్తూ పోతే కథ దానంతటదే వస్తుంది. ఇంకా పెద్ద ఆటల్లో అయితే తెర మూలన చిన్న పటం, దాని మీద మెరిసే చుక్క, నేల మీద వెలిగే బాణం ఉంటాయి. ఆడేవారి కళ్లు కోట్లు పోసి కట్టిన కోట మీద ఉండవు, ఆ చుక్క మీద ఉంటాయి. ఫోన్లో పటం పెట్టుకుని, అందులోని గొంతు కుడికి తిరగమంటే కుడికి, ఎడమకు తిరగమంటే ఎడమకు తిప్పి వంద కిలోమీటర్లు నడిపిన డ్రైవరును మధ్యలో ఏ ఊళ్లు వచ్చాయని అడగండి. ఊరు చేరతాడు, దారి చెప్పలేడు. బాణం ఉన్న ఆటలో కూడా జరిగేది ఇదే. చోటు అనేది వెనక వేలాడే తెరగా మారిపోతుంది. అలాంటప్పుడు అది ఏటూరునాగారం అయినా, ఆఫ్రికా అయినా తేడా ఏముంటుంది?

ఏటూరునాగారంలో ఆ తేడా ఏమిటో చెప్పాలి. నిజాం పాలన ముగిసిన కొద్దికాలానికే, 1952లో, ఇక్కడి అడవిని వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 800 చదరపు కిలోమీటర్ల పైమాటే. ఒక అంచున గోదావరి, నడుమ అడవిని రెండుగా చీలుస్తూ దయ్యాల వాగు. ఒక్క పేరుతోనే సగం నేలమాళిగ సిద్ధమైంది! టేకు, మద్ది, ఇప్ప, తునికి, వెదురు. తాడ్వాయి మండలం దామరవాయి గుట్ట మీద బృహత్ శిలాయుగపు రాతి గూళ్లు, జనం నోట రాక్షసగుళ్లు. అయితే ఇవన్నీ మళ్లీ బొమ్మల కిందికే వస్తాయి. ఆట కట్టేవాడికి అసలు పనికొచ్చేది ఈ అడవిలో దారి రుతువును బట్టి మారడం. ఎండాకాలంలో మోకాలు తడవకుండా దాటే వాగు శ్రావణంలో గోడ. వెదురు దట్టంగా పెరిగిన చోట పోయినేటి బాట ఈ ఏడు ఉండదు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లవారుజామున చెట్ల కింద మనుషులుంటారు, అక్కడికే ఎలుగుబంటి కూడా వస్తుంది. తునికాకు కోతల్లో నిన్నటిదాకా నిర్మానుష్యంగా ఉన్న చోట కల్లం వెలుస్తుంది. విజార్డ్రీలో తిరిగే నేలను, ఎత్తి పారేసే గడిని మాయ పేరు చెప్పి పెట్టాల్సి వచ్చింది. ఇక్కడ ఆ మాయ అక్కర్లేదు, కార్తె మారితే చాలు. చెట్టు మీద గాటు, విరిచి వేలాడదీసిన కొమ్మ, రాయి మీద రాయి లాంటి గుర్తులు చదవగలిగినవారికి అది బాట. చదవలేనివారికి అన్నీ ఒకేలా కనిపించే చెట్లు. ఆ పాత ఆటలు కోరిన నేర్పు అక్షరాలా ఇదే.

చోటును చదవడం ఈ ప్రాంతపు కళల్లో కూడా ఉంది. కోయల గట్ల (వంశశాఖల) చరిత్రను డోలి కళాకారులు పడిగె ఎదుట పాడతారు. త్రికోణాకారపు గుడ్డ, దాని మీద వరుసలు కట్టిన బొమ్మలు. కొత్తవాళ్లకు అవి బొమ్మలు మాత్రమే. పాడేవారికి మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ బొమ్మ దగ్గర ఆగాలో, ఎటు మళ్లాలో తెలుసు. మణుగూరు ప్రాంతపు కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది ఇలా తలలో మోసుకొచ్చిన చరిత్రకే. సమ్మక్క-సారలమ్మల మేడారం జాతర కూడా నడక మీదే నిలబడింది. సారలమ్మ కన్నెపల్లి నుంచి, పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి, గోవిందరాజు ఏటూరునాగారం మండలం కొండాయి నుంచి, సమ్మక్క చిలకలగుట్ట నుంచి. ఏ దేవత ఏ దారిన, ఏ వాగు దాటి వస్తుందో తెలిసినవారికే జాతర పూర్తిగా అర్థమవుతుంది. కోటి మంది గద్దెల దాకా వచ్చి 'బంగారం' (బెల్లం) సమర్పించి పోవచ్చు గాక, ఆ నాలుగు దారులూ తెలిసినవారు చూసే జాతర వేరు.

ఇలాంటి ఆట ఆడే ఓపిక ఎవరికుందన్నది మొదట వచ్చే ప్రశ్న. ఫోన్ తెరవగానే కాల్పులు మొదలయ్యే ఆటలుండగా పెన్సిల్ పట్టుకుని కూర్చునేదెవరు? ఈ మాటలో కొంత నిజముంది. లక్షల మంది ఆడే ఆట అవుతుందని ఆశపడితే భంగపాటే. కానీ ఓపిక చచ్చిపోయిందనడం అబద్ధం. 2007లో జపాన్ సంస్థ అట్లస్ 'ఎట్రియన్ ఒడిస్సీ' అనే ఆటలో చేతి యంత్రపు కింది తెరను గ్రాఫ్ కాగితంగా మార్చి, పుల్లతో పటం గీయమంది. జనం గీశారు, ఆ వరుసలో ఆటలు చాలానే వచ్చాయి. 2012లో ఫిన్లాండ్‌లో నలుగురైదుగురు కలిసి గడులమీద నడిచే 'లెజెండ్ ఆఫ్ గ్రిమ్‌రాక్' చేసి నిలదొక్కుకున్నారు. అందులో పటం అక్కర్లేదనుకునేవారికి దాన్ని తీసేసి ఆడే వీలు కూడా పెట్టారు. 2024లో విజార్డ్రీ మొదటి భాగమే కొత్త హంగులతో మళ్లీ వచ్చింది. ఇవన్నీ చిన్నవంటారా? 2022లో వచ్చిన 'ఎల్డెన్ రింగ్' నేల మీద బాణాలు వేయదు, చేయాల్సిన పనుల జాబితా ఇవ్వదు. అమ్ముడైనవి 2 కోట్ల ప్రతులకు పైనే. అంత దూరం ఎందుకు, ఆదివారం అనుబంధంలో పదకేళి గడుల మీద గంట కూర్చునేవారు ఈ పత్రిక పాఠకుల్లోనే ఎందరో. గడి ఖాళీగా ఉంటే నింపాలనిపించడం మనిషికి సహజం. నింపేసిన గడులు ఎవరికీ అక్కర్లేదు.

పటం గీయడం వట్టి గుమాస్తా పని, యంత్రం చేసే పనిని మనిషి నెత్తిన రుద్దడం దేనికని ఇంకొందరు అడుగుతారు. పాత ఆటల్ని వెనకేసుకొచ్చేవారు ఇక్కడ కాస్త నిజాయితీగా ఉండాలి. వాటిలో ఒట్టి క్రూరత్వం చాలానే ఉంది. విజార్డ్రీలో చచ్చిన మనిషిని గుడిలో బతికించే ప్రయత్నం తప్పితే బూడిదవుతాడు, బూడిదను బతికించే ప్రయత్నమూ తప్పితే శాశ్వతంగా పోతాడు. తప్పు దిద్దుకునే వీల్లేకుండా ఆట వెంటనే డిస్కు మీద రాసేస్తుంది. మళ్లీ మళ్లీ అవే పోరాటాలు, అవే అంకెలు. వీటిని ఎవరూ పునరుద్ధరించనక్కర్లేదు. పటం సంగతి వేరు. అందులో కూడా రెండు పనులున్నాయి. నడిచిన గడికి రంగు వేయడం గుమాస్తా పని, దాన్ని యంత్రానికి వదిలేయొచ్చు. ఇక్కడ ఏదో తేడాగా ఉంది, ఈ గోడ వెనక గది ఉండాలి, ఈ వాగు ఇందాకటి వాగేనా అని అనుమానించి రాసుకోవడం ఆలోచన. అది యంత్రం చేస్తే ఆడేవారికి మిగిలేది బొటనవేలి కసరత్తే. 1992 నాటి 'అల్టిమా అండర్‌వరల్డ్' ఈ సంగతి గ్రహించే, పటం తనంతట తానే గీస్తూ, దాని మీద మన మాటలు మనం రాసుకునే చోటు వదిలింది. తెలుగు ఆటకు ఆ మధ్యేమార్గం బాగా సరిపోతుంది. అయితే ఆ రాసుకునేది తెలుగులో రాసుకోనివ్వాలి. హెల్తు, మానా, ఇన్వెంటరీ అని తెలుగు లిపిలో ఇంగ్లిష్ దంచితే అది తెలుగు ఆట అనిపించుకోదు. మూట అనే మాట ఉండగా ఇన్వెంటరీ దేనికి?

అన్నిటికంటే గట్టి అభ్యంతరం వేరే ఉంది, అది ఆదివాసుల వైపు నుంచి రావాలి, వస్తుంది కూడా. మా అడవి, మా తల్లులు మీ ఆటవస్తువులా అని. సమ్మక్క కథ కప్పం కట్టబోమన్నవారి కథగా జనం చెప్పుకునేది. కరువులో కప్పం కోసం కాకతీయ సైన్యం వస్తే ఎదిరించి, కొడుకు జంపన్న సంపెంగ వాగులో పడితే, సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి కుంకుమభరిణెగా దొరికిందంటారు. ఇప్పుడు నేలమాళిగ ఆట మూలసూత్రం గుర్తు తెచ్చుకోండి: బయటివారు జట్టుగా లోపలికి చొరబడి, అక్కడ ఉన్నవారిని చంపి, అక్కడి సొమ్ము మూటగట్టుకుని బయటపడటం. ఈ సూత్రాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి ఈ అడవి మీద పెడితే ఆడేవారు తెలియకుండానే కప్పం వసూలుకు వచ్చిన సైనికులవుతారు. ఇది చిన్న తప్పు కాదు, బొమ్మలెంత బాగున్నా పూడని తప్పు. కాబట్టి గద్దెలు ఆటలో ఉండకూడదు, తల్లులు పాత్రలు కాకూడదు, దామరవాయి రాతిగూళ్లు దోచుకునే గదులు కాకూడదు. ఈ మూడూ గీత దాటరాని హద్దులు. కానీ సూత్రాన్ని తిరగేయడం మాత్రం ఈ ఆటల చరిత్రలోనే ఉంది. 1987లో విజార్డ్రీ నాలుగో భాగంలో ఆడేవారు వెర్డ్నా అవుతారు. అట్టడుగున నిద్రలేచి, తనను చంపవచ్చే సాహసికుల జట్లను తప్పించుకుంటూ పైకి రావాలి. అడవిని తెలిసినవారి వైపు నుంచి ఆట నడిపితే, గెలుపంటే సొమ్ము తేవడం కాకుండా, వానాకాలంలో జ్వరంతో ఉన్న మనిషిని వాగులు దాటించి ఏటూరునాగారం ఆసుపత్రికి చేర్చడమవుతుంది. అలాంటి ఆటలో రాక్షసులు అక్కర్లేదు, వాగు చాలు.

ఆ ఆట ఎవరు కట్టాలన్నది కూడా ఇందులోనే తేలుతుంది. వినడానికి ఒక్కసారి వచ్చి, వీడియో తీసుకుని, చివర్లో కృతజ్ఞతల పట్టీలో పేరు వేసి చేతులు దులుపుకుంటే కుదరదు. దారి తెలిసినవారే దారి గీయాలి, వచ్చే సొమ్ములో వాటా కూడా వారికి రాతపూర్వకంగా దక్కాలి. ఈ రకం ఆటకు పెట్టుబడి అడ్డం కాదు. విజార్డ్రీ నడిచిన యంత్రానికి ఉన్న జ్ఞాపకశక్తి 48 కిలోబైట్లు. పొద్దున్నే ఫోన్లోకి వచ్చిపడే శుభోదయం బొమ్మ దానికంటే బరువు. పది అంతస్తులకు కలిపి 4,000 గడులు. గిరిజన ఆశ్రమ పాఠశాలలో పాత కంప్యూటరు మీద కూడా ఇలాంటిది కట్టొచ్చు. తొమ్మిదో తరగతి పిల్లలు చదరపు గీతల నోటుబుక్కులో తమ ఊరి నుంచి వాగు దాకా 400 గడులు గీస్తే మొదటి అంతస్తు అయిపోయినట్టే. ఏటూరునాగారం గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) చేతిలో బడులున్నాయి, హైదరాబాదులో కోడ్ రాసేవారున్నారు. ఇద్దరి మధ్య దూరం ఇప్పటికి 250 కిలోమీటర్ల జాతీయ రహదారి.

ఆ పిల్లలకు ఇచ్చేది పెన్సిలే అయి ఉండాలి. 2024 ఆగస్టు ఆఖరి రోజు సాయంత్రం తాడ్వాయి, మేడారం అడవుల మీద వీచిన పెనుగాలికి వేల చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. తరాలుగా ఫలానా మద్ది దగ్గర ఎడమకు అని చెప్పుకున్న చోట మద్ది లేదు. అది పడ్డ చోట ఇప్పుడు ఎండ పడుతోంది, గడ్డి లేస్తోంది, దాని వెంట దుప్పులూ వస్తాయి. ఆ గడిలో గీసిన చెట్టును చెరిపి ఏం గీయాలో వాళ్లే చూసొచ్చి చెప్పాలి.